పది వేళ్ళ కోసం ఒక సూటి అంచు

వడ్రంగం ఇంట పుట్టినవారికి రంపం పదును గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే కరెంటుతో తిరిగే బల్లరంపం ముందు నిలబడేవారు పదునుకన్నా ముందు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. అది రంపపు బిళ్ళ పక్కన, దానికి సమాంతరంగా నిలబడే సూటి బద్ద. యంత్రాలు అమ్మేవారు దీనిని ఫెన్స్ అంటారు. దుకాణాలలో పనివారు గైడు అంటారు. పలకను గైడుకు ఆనించి ముందుకు తోస్తే, మొదటి అంగుళం దగ్గర ఎంత వెడల్పు తెగిందో చివరి అంగుళం దగ్గరా అంతే తెగాలి. చూడడానికి ఇది కొలతకు సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది. నిజానికి ఇది మనిషి చేతికి సంబంధించిన విషయం.

ఎందుకో చెబుతాము. బల్లరంపపు బిళ్ళ పనివానికి ఎదురుగా ఉన్న వైపున కిందికి, వెనుక వైపున పైకి తిరుగుతుంది. ముందు పళ్ళు చెక్కను బల్లకు అదిమిపెడతాయి. వెనుక పళ్ళు చెక్కను పైకి లేపజూస్తాయి. గైడు వెనుక కొస బిళ్ళ వైపుకు ఏ కొంచెం వాలినా చెక్క ఆ రెండింటి నడుమ ఇరుక్కుని, వెనుక పళ్ళకు దొరుకుతుంది. మరుక్షణం అది పైకి లేచి పనివాని వైపుకే విసిరివేయబడుతుంది. మా రంపానికి ఉన్న 10 అంగుళాల బిళ్ళ నిమిషానికి 3,500 చుట్లు తిరుగుతుంది. లెక్క కడితే దాని పంటి వేగం సెకనుకు 46 మీటర్లు, అంటే గంటకు 160 కిలోమీటర్లకు పైమాట. ఆ వేగంతో వచ్చే చెక్కను తప్పించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. చెక్క ఎగిరిన క్షణాన, దానిని తోస్తున్న చెయ్యి ఆధారం కోల్పోయి బిళ్ళ మీదికి జారడం మరో ప్రమాదం.

మా పెదనాన్నగారి అబ్బాయి పొరుగూరిలో ఒక దుకాణంలో పనిచేస్తున్న రోజులలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు ఇలాగే పోగొట్టుకున్నారు. అక్కడ గైడు పేరిట ఉన్నది ఒక పాత తలుపు బద్ద. దానిని రెండు శిఖరాల దగ్గరా బిగింపు పట్టీలతో బల్లకు బిగించేవారు. ప్రతి కోతకూ విప్పి, మళ్ళీ బిగించి, టేపుతో కొలుచుకునేవారు. ఆ రోజు వెనుక పట్టీ సడలింది. ఇప్పుడాయన ఇంటి దగ్గరే మంచాలకు పాలిష్ పని చేసుకుంటున్నారు. భోజనానికి కూర్చున్నప్పుడు ఆ చేతిని చూడని పిల్లలు మా కుటుంబంలో లేరు.

కనుకనే, మా ఆపా కుమారుడు ఇంటర్మీడియట్ ముగించి, "మామూ, నేనూ మీ దుకాణంలో పని నేర్చుకుంటాను" అన్నప్పుడు మాకు కలిగిన సంతోషం ఆమె ముఖంలో కనిపించలేదు. మేము ఇద్దరు అన్నదమ్ములం విజయవాడలో నాన్నగారు విడిచివెళ్ళిన చిన్న వడ్రంగి దుకాణాన్ని నడుపుకుంటున్నాము. ద్వారబంధాలు, కిటికీలు, బడి బల్లలు మా నిత్యకృత్యం. రంజాన్‌కు ముందు రెండు నెలలు రెహల్‌ల పని ఉంటుంది. మూడో మనిషి కావలసిన మాట నిజమే. ఆపా ఆ రోజు ఏమీ అనలేదు. మరునాడు తానే దుకాణానికి వచ్చి, రంపం చుట్టూ ఒకసారి తిరిగి, రెండు మాటలు చెప్పారు.

"తమ్ముడూ, వాడు పని నేర్చుకోవడం నాకిష్టమే. కానీ రెండు సంగతులు చూడండి. పోయిన కరెంటు మళ్ళీ వచ్చినప్పుడు ఇది దానంతటదే తిరగకూడదు. రెండోది, చెక్కను ఆనించే ఈ బద్ద కదలకూడదు. వాడి పది వేళ్ళూ పదిగానే ఇంటికి రావాలి."

ఆపా కుట్టుపని చేస్తారు. మోటారు కుట్టుమిషను మీద చేతులున్నప్పుడు పోయిన కరెంటు హఠాత్తుగా రావడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మొదటి షరతు ఆ వారంలోనే తీరింది. మామూలు స్విచ్చు తీసివేసి, నీటి మోటార్లకు వాడే స్టార్టరు బిగించాము. అందులో ఉండే కాయిల్ కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది. కరెంటు వచ్చినా మనిషి పచ్చ మీట నొక్కితే తప్ప మోటారు తిరగదు. రెండో షరతు మాత్రం మమ్మల్ని నెల రోజులు బజార్ల వెంట తిప్పింది.

సిద్ధంగా దొరికే గైడులు లేకపోలేదు. విదేశాల నుంచి వచ్చే మంచి గైడు ధర మా రంపానికి మేము పెట్టిన ఖర్చును మించింది. చిన్న రంపాలతో పాటు వచ్చే పలుచని గైడులు చేత్తో నెడితే వంగుతున్నాయి. స్వయంగా చేసుకోవడమే మార్గమని నిశ్చయించుకున్నాము. అమెరికాకు చెందిన బిల్ బీస్‌మేయర్ పేరిట ప్రసిద్ధమైన నమూనా ఒకటి ఉంది. అది ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో ఉంటుంది. బల్ల ముందు అంచున ఒక ఇనుప పట్టాలు. ఆ పట్టాల మీద జరిగే వెడల్పాటి తల. ఆ తలకు లంబంగా బల్ల మీదుగా వెళ్ళే పొడవాటి ఒళ్ళు. తలను పట్టాలకు అదిమిపట్టే ఒక మీట. ఇందులో రహస్యమేమీ లేదు. తల పట్టాలకు గట్టిగా ఆనితే చాలు, ఒళ్ళు ప్రతిసారీ అదే కోణంలో నిలబడుతుంది. అందుచేత కొలత తీసుకునే పని ఒక్కసారికే సరిపోతుంది.

కాగితం మీద బొమ్మ గీయడానికి ఒక సాయంత్రం పట్టింది. పట్టాలు 1,200 మిల్లీమీటర్లు, తల 300, ఒళ్ళు 800. తలను ఇంకా పొట్టిగా పెట్టుకుంటే ఇనుము మిగులుతుంది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. తల దగ్గర 0.1 మిల్లీమీటరు వదులు ఉంటే, 300కు 800 ఎన్ని రెట్లో ఆ వదులు అవతలి కొసన అన్ని రెట్లవుతుంది, అంటే 0.27 మిల్లీమీటర్లు. తలను 150కి తగ్గిస్తే అదే వదులు 0.53 అవుతుంది. రాతికాగితం ఒక్కటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది. రెండు మూడు కాగితాల మందమంత తేడా అయిదు కాగితాల మందమంతగా మారుతుందన్న మాట. ఇనుములో పొదుపు చేయవలసిన చోటు అది కాదు.

ఇక దేనితో చేయాలి? ఇంట్లో పాత టేకు దూలాలు ఉన్నాయి కనుక మొదటి ఆలోచన చెక్క వైపే పోయింది. టేకు మంచి చెక్కే. కానీ ఏ చెక్క అయినా గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కృష్ణా తీరాన మే నెల ఎండకూ ఆగస్టు ముసురుకూ ఉన్న వ్యత్యాసం మనకు తెలియనిది కాదు. ఎండలో సూటిగా ఉన్న బద్ద ముసురులో సూటిగా ఉంటుందని పూచీ ఇవ్వలేము. ఒంటికి చెక్క వద్దనుకున్నాము.

రెండవది అల్యూమినియం. కిటికీలు, పార్టిషన్లు చేసే దుకాణాలలో పొడవాటి గొట్టాల తునకలు దొరుకుతాయి. అవి సూటిగా ఉంటాయి, తుప్పు పట్టవు, తేలికగా ఉంటాయి. కానీ అల్యూమినియానికి ఉక్కుకున్న బిగువులో దాదాపు మూడో వంతే ఉంటుంది. పైగా కిటికీల గొట్టాల గోడలు చాలా పలుచన. మందపాటి గోడలున్న యంత్రాల సెక్షన్లు వాడితే గైడు అద్భుతంగా వస్తుంది. కానీ మాకు కావలసిన ఒక్క తునక కోసం పూర్తి పొడవు కొనవలసి వచ్చేది. దానినీ విరమించుకున్నాము.

మిగిలింది ఉక్కు. వన్‌టౌన్‌లో ఇనుము వ్యాపారుల దగ్గర కొత్త సరుకు చూశాము. గొట్టాలు మామూలుగా 6 మీటర్ల పొడవున వస్తాయి. మాకు కావలసినవి తునకలు. పట్టాలకు 50 మిల్లీమీటర్ల భుజాలు, 6 మిల్లీమీటర్ల మందం గల యాంగిల్. ఇది మీటరుకు 4.5 కిలోలు తూగుతుంది. దాని మీద నిలిచే చదరపు గొట్టం 50కి 50, గోడ మందం 3. ఒంటికి 80కి 40 గొట్టం, గోడ మందం 3.2, మీటరుకు సుమారు 5.5 కిలోలు. తలకు మరొక యాంగిల్ ముక్క. ఇలాంటి గొట్టాలకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన సంఖ్య ఐ.ఎస్. 4923. కొత్త గొట్టం కొనేవారు దాని మీద ఆ ముద్ర ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది. గోడ మందం చెప్పినంత ఉందా అన్నది వెర్నియర్‌తో అక్కడే కొలుచుకోవచ్చు. అది లేనప్పుడు తూకమే సాక్షి. మీటరు ముక్క తూకం చెప్పినదానికన్నా బాగా తగ్గితే గోడ పలుచన అని అర్థం.

తునకల కోసం ఆటోనగర్ వెళ్ళమని వ్యాపారులే సలహా ఇచ్చారు. లారీ బాడీలు కట్టే షెడ్లు అక్కడ వరుసగా ఉంటాయి. ఒక్కొక్క బాడీకి యాంగిళ్ళు, గొట్టాలు కోయగా మిగిలిన మీటరు, మీటరున్నర తునకలు తుక్కు దుకాణాలకు చేరతాయి. వాటిని కిలోల లెక్కన అమ్ముతారు. లారీకి పనికిరాని పొడవు మా గైడుకు సరిగ్గా సరిపోయే పొడవు.

ఆ తుక్కు దుకాణంలో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. తుప్పు లేని, నున్నని 80కి 40 గొట్టం ఒకటి మా కంటబడింది. పక్కన పడేసి మరికొన్ని ఏరుకుంటున్నాము. దుకాణం పెద్దాయన లేచి వచ్చి, ఏం చేస్తారని అడిగారు. చెప్పాము. ఆయన ఆ గొట్టం రెండు కొసలనూ రెండు ఇటుకల మీద పెట్టి, ఒక కొస దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి చూశారు. తరువాత మమ్మల్ని కూర్చోబెట్టి చూడమన్నారు. దగ్గరి కొస పై అంచుకూ దూరపు కొస పై అంచుకూ పొంతన కుదరలేదు.

"ఇది మెలి తిరిగింది బాబూ. గేటుకు తీసుకుంటే నేనేమీ అనేవాణ్ణి కాదు. మీ పనికి మాత్రం ఇవ్వను" అన్నారు ఆయన.

తూకం వేసి సొమ్ము పుచ్చుకుంటే ఆయనను అడిగేవారు లేరు. సరుకులో ఉన్న లోపాన్ని కొనేవాడికి ముందే చెప్పడం వ్యాపారికి విధి అని మనం సభలలో వింటూ ఉంటాము; ఆ మధ్యాహ్నం దానిని ఇనుప ధూళి మధ్య కళ్ళారా చూశాము. ఆయన మరో గంట వెతికి, పైకి తుప్పు కనిపిస్తున్నా లోపల సూటిగా ఉన్న తునకను తీసి ఇచ్చారు. తుప్పు పైపైది, గీకితే పోతుంది, మెలి పోదు.

సూటిదనాన్ని పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. సమమైన ప్లైవుడ్ పలక మీద గొట్టం అంచు వెంట పెన్సిలుతో గీత గీయాలి. గొట్టాన్ని గీతకు అవతలి పక్కకు తిప్పి, అదే అంచును అదే రెండు కొసలకు ఆనించి మళ్ళీ గీయాలి. రెండు గీతలూ ఒకటిగా కలిసిపోతే అంచు సూటిగా ఉన్నట్లు. నడుమ ఖాళీ కనిపిస్తే ఆ ఖాళీలో సగం అసలు వంకర. మెలి ఉన్నదో లేదో తెలియడానికి దళసరి అద్దం మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కితే చాలు. మెలి ఉంటే ఊగుతుంది. అద్దాల దుకాణంలో మిగిలిపోయిన 12 మిల్లీమీటర్ల అద్దపు ముక్క ఇందుకు ఎంతో ఉపకరిస్తుంది.

జింకు పూత పూసిన గొట్టాలు కూడా తుక్కులో చాలా కనిపించాయి. తుప్పు పట్టవు కదా అని మనసు వాటి మీదికి పోతుంది. కానీ ఆ పూత మీద వెల్డింగు చేస్తే లేచే పొగ ఆరోగ్యానికి చేటు; పీల్చినవారికి జ్వరం, వణుకు వస్తాయి. వెల్డింగు లేకుండా బోల్టులతో బిగించే చోట తప్ప వాటిని వాడరాదు. మేము వాటి జోలికి పోలేదు.

మీట పని లేతు మేస్త్రీకి అప్పగించాము. 30 మిల్లీమీటర్ల గుండ్రని కడ్డీలో నడిమధ్యన కాకుండా 3 మిల్లీమీటర్లు పక్కగా రంధ్రం వేయించాము. ఆ రంధ్రంలోని ఇరుసు మీద కడ్డీ తిరిగినప్పుడు దాని అంచు ఒకవైపు ముందుకు వస్తుంది. పిడి కిందికి నొక్కగానే తల పట్టాలను కరచి పట్టుకుంటుంది. ఆయన దగ్గరే మిగిలిన నైలాన్ కడ్డీ నుంచి రెండు బిళ్ళలు కోయించి, 8 మిల్లీమీటర్ల బోల్టుల కొసలకు తొడిగించాము. ఈ రెండు బోల్టులూ తల లోపలి వైపున ఉంటాయి. వీటిని అటూ ఇటూ తిప్పి ఒళ్ళు కోణాన్ని వెంట్రుకవాసి మార్చుకోవచ్చు. ఇనుము ఇనుమును గీయకుండా నైలాన్ కాపాడుతుంది.

ఒళ్ళునూ తలనూ కలిపే చోట మాత్రమే వెల్డింగు తప్పలేదు. వెల్డింగు చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని ముక్కను తన వైపుకు లాక్కుంటుంది. అందుకని ముందు నాలుగు మూలలా చుక్కలు పెట్టించి, మూలమట్టంతో చూసి, ఆ పైన ఒక పక్క కొంచెం, ఎదురు పక్క కొంచెం చొప్పున, మధ్యలో చల్లారనిస్తూ పూర్తి చేయించాము. పట్టాలను బల్లకు బోల్టులతోనే బిగించాము. యాంగిల్‌లో రంధ్రాలను గుండ్రంగా కాక కోలగా, 9 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల పొడవుతో వేయించినందువల్ల పట్టాలను ఎత్తు సరిచూసుకుని బిగించే వీలు కలిగింది.

చెక్క నేరుగా ఇనుముకు రాసుకోకూడదు. ఒంటికి రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బద్దలు మరలతో బిగించాము. మెరైన్ ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 అని ఉంటుంది. మా దగ్గర వంటగది పనిలో మిగిలిన ముక్కలే సరిపోయాయి. వాటికి సన్మైకా రెండు ముఖాలకూ అతికించాము. ఒకే ముఖానికి అతికిస్తే తేమ ఒకవైపే చేరి బద్ద విల్లులా వంగుతుంది. అరిగినప్పుడు బద్ద మార్చుకోవచ్చు, ఇనుము శాశ్వతంగా ఉంటుంది.

ఇనుము, లేతు, వెల్డింగు, మరలు అన్నీ కలిపి అయిన ఖర్చు 3,800 రూపాయలు. అన్నింటికన్నా ఎక్కువ వెచ్చించింది కాలం.

బిగించిన రోజున మేనల్లుడి చేతనే పరీక్ష చేయించాము. ప్లగ్గు తీసేసి, బిళ్ళ మీద ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టమన్నాము. ఆ పంటిని ముందుకు తెచ్చి గైడుకు ఎంత దూరమో కొలిచాడు. బిళ్ళను చేత్తో తిప్పి అదే పంటిని వెనుకకు తీసుకువెళ్ళి మళ్ళీ కొలిచాడు. వేర్వేరు పళ్ళతో కొలిస్తే బిళ్ళలో ఉన్న వంకర గైడు మీద పడుతుంది. అందుకే ఒకే పన్ను. వెనుక కొలత ముందు కొలతకన్నా ఒక కాగితం మందమంత ఎక్కువ వచ్చింది. మాకు కావలసింది అదే. వెనుక ఎన్నడూ దగ్గర కాకూడదు; సమంగా ఉండవచ్చు, రవ్వంత ఎడంగా ఉండవచ్చు. తరువాత మీట పైకెత్తి, తలను జరిపి, మళ్ళీ బిగించి, పదిసార్లు కొలిపించాము. పదిసార్లూ అదే కొలత.

ఆపా ఆ సాయంత్రం వచ్చారు. గైడు అవతలి కొసను రెండు చేతులతో పట్టుకుని శక్తికొద్దీ నెట్టి చూశారు. అది కదలలేదు. బిళ్ళ వెనుక చెక్క మూసుకుపోకుండా నిలబెట్టిన పలుచని ఉక్కు రేకునూ, బిళ్ళ మీది కప్పునూ, సన్నని ముక్కలను తోయడానికి చేసిన కర్రనూ ఒక్కొక్కటే ఏమిటని అడిగి తెలుసుకున్నారు. కొడుకు చెప్పిన జవాబులను జాగ్రత్తగా విన్నారు. చివరికి ఆమె అడిగింది గైడును గురించి కాదు.

"ఇది కదలదు, సరే. తొందరలో ఉన్నరోజున వీడు ఆ కర్ర తీసుకుంటాడా?"

ఆ ప్రశ్నకు ఆటోనగర్‌లో సరుకు దొరకదు. జవాబు మేనల్లుడే ఇవ్వాలి, అదీ మాటతో కాదు. మేము చేసినది ఒక్కటే. తోసే కర్ర చేతిలో లేనిదే ఎవరూ, మేమైనా సరే, పచ్చ మీట నొక్కకూడదని నియమం పెట్టుకున్నాము. కర్రను స్టార్టరు పెట్టెకే ఒక మేకుకు వేలాడదీశాము. మీట నొక్కబోయే చెయ్యి ముందు కర్రను తాకుతుంది. ఈ రంజాన్‌కు ముందు రెహల్‌ల పలకలు అన్నీ అబ్బాయే కోశాడు. పలకల వెడల్పు సమానంగా ఉండడం వల్ల వాటికి చిత్రిక పట్టే శ్రమ బాగా తగ్గింది. అయినా ఆపా ఇప్పటికీ రాత్రి భోజనం వడ్డించేటప్పుడు అతని చేతుల వైపు ఒకసారి చూస్తారు. చూడవద్దని మేము అనలేదు.

మన కుటుంబాలలో వడ్రంగం, వెల్డింగు, పిండిమర, రైసుమిల్లు, మోటారు మెకానిక్ పనుల మీద బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. ఇంటికి సంపాదన తెచ్చేవారిని ఎంత తెచ్చారని అడుగుతాము. ఏ యంత్రం ముందు నిలబడి తెస్తున్నారో ఒక్కసారి వెళ్ళి చూడడం కూడా ఇంటివారి బాధ్యతే. చూడడానికి చదువు అక్కరలేదు. కరెంటు వస్తే ఇది దానంతటదే తిరుగుతుందా? పట్టు సడలే చోటు ఏది? చెయ్యి ఎక్కడ ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలు అడిగితే చాలు. జవాబు తృప్తికరంగా లేనప్పుడు, దానిని సరిచేసే సరుకు బహుశా మీ ఊరి పాత ఇనుము దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతూనే ఉంటుంది. తూకం వేయించే ముందు ఒక కన్ను మూసి, అది సూటిగా ఉందో లేదో చూసుకోండి.